పాఠశాల ఆడిట్

'''పాఠశాల ఆడిట్''' అనగా పాఠశాలకు అందిన నిధులు, సరుకులు ఉద్దేశించిన పనికే వినియోగమయ్యాయా లేదా అని రికార్డుల ఆధారంగా జరిపే తనిఖీ. దీనిని లెక్కల తనిఖీ అని కూడా వ్యవహరిస్తారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని ప్రభుత్వ పాఠశాలలు ఇందుకు సిద్ధమయ్యే విధానం ఈ వ్యాసంలో వివరించబడింది.

== నేపథ్యం ==
2018లో సర్వశిక్షా అభియాన్, రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్య పథకాలను విలీనం చేసి సమగ్ర శిక్షా పథకాన్ని ప్రారంభించారు. దీని క్రింద విద్యార్థుల సంఖ్యను బట్టి పాఠశాలకు గ్రాంటు మంజూరవుతుంది. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు ఖర్చు చేయవలెను. ఈ పథకం లెక్కలను ఏటా ఛార్టర్డ్ అకౌంటెంట్లు తనిఖీ చేస్తారు.

విద్యా హక్కు చట్టం, 2009 లోని 21వ సెక్షను ప్రకారం గ్రాంటుల వినియోగాన్ని పర్యవేక్షించవలసినది పాఠశాల యాజమాన్య కమిటీ. దీని సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది విద్యార్థుల తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. కావున ఆడిట్ ప్రధానోపాధ్యాయునికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

== సిద్ధం చేయవలసిన రికార్డులు ==
* నగదు పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం
* తేదీ, సంతకాలు కలిగిన బిల్లులు, ఓచర్లు
* కమిటీ తీర్మానాల పుస్తకం
* స్టాకు రిజిస్టరు
* వినియోగ ధ్రువీకరణ పత్రాలు

== సరిపోల్చే విధానం ==
ఒక్కొక్క రికార్డు విడిగా సక్రమంగా ఉన్నంత మాత్రాన చాలదు. అవి ఒకదానితో ఒకటి సరిపోవలెను. ఉదాహరణకు ఒక బీరువా కొన్నచో దానికి తీర్మానం, బిల్లు, నగదు పుస్తకంలో పద్దు, స్టాకు రిజిస్టరులో నమోదు ఉండవలెను. బీరువా కూడా పాఠశాలలో కనిపించవలెను.

విద్యా సంవత్సరం జూన్‌లో మొదలైనా, లెక్కలకు ప్రామాణికం ఏప్రిల్ 1 నుండి మార్చి 31 వరకు గల ఆర్థిక సంవత్సరం. మార్చి 30న నగదు పుస్తకంలో వ్రాసిన చెల్లింపు బ్యాంకు పద్దులో ఏప్రిల్ 2న కనిపించవచ్చు. ఇటువంటి తేడాలకు కారణం చూపుతూ బ్యాంకు సరిపోలిక పట్టికను తయారు చేసుకొనవలెను.

== మధ్యాహ్న భోజన లెక్కలు ==
2021లో పి.ఎం. పోషణ్‌గా పేరు మారిన ఈ పథకంలో ప్రాథమిక విద్యార్థికి రోజుకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత విద్యార్థికి 150 గ్రాముల ఆహార ధాన్యాలు కేటాయిస్తారు. ప్రాథమిక తరగతులలో 60 మంది భోజనం చేసిన రోజున 6 కిలోల బియ్యం ఖర్చు కావలెను. హాజరు పట్టీలో 45 మంది మాత్రమే ఉన్నచో 1.5 కిలోల తేడా బయటపడుతుంది. నెలాఖరున ఊహించి వ్రాసిన లెక్కలు ఇక్కడే పట్టుబడతాయి. కావున బియ్యం లెక్కను ఏ రోజుకారోజు వ్రాయుట తప్పనిసరి.

== అభ్యంతరాలు ==
ఓచరు లేని ఖర్చును ఆడిటరు అభ్యంతరంగా నమోదు చేస్తారు. సంతృప్తికరమైన సమాధానం లభించనిచో ఆ మొత్తాన్ని బాధ్యుల నుండి వసూలు చేయవచ్చు. పరిష్కారం కాని అభ్యంతరాల వలన పదవీ విరమణ ప్రయోజనాలు ఆలస్యం కావచ్చును. నిజాయితీగా ఖర్చు చేసి, బిల్లు భద్రపరచని వారికి కూడా ఈ ఇబ్బంది తప్పదు. అందువలన ప్రధానోపాధ్యాయులు బదిలీ అయినపుడు రికార్డులన్నిటినీ జాబితా వ్రాసి, సంతకం తీసుకొని అప్పగించుట అవసరం.