సార్, నా పేరు ఉల్టా పడ్డది!

శనివారాలు ఓ సర్కారు ప్రైమరీ స్కూల్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతుంటా. ఆమధ్య నాలుగో తరగతికి ప్రింట్‌మేకింగ్ చెబుదామని, ఫోన్‌లో లక్ష్మా గౌడ్ మేకల బొమ్మలు చూపించా. ఆయన 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. బరోడాలో ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో చూసిన మేకలు, చెట్లు, మనుషులే ఆయన ఎచింగుల్లో కనిపిస్తాయి. అన్నీ పిల్లలకు చూపించేవి కావు, ఏరుకోవాలి.

ఎచింగ్ అంటే లోహపు రేకు మీద గీసి, ఆ గీతను యాసిడ్‌తో లోతు చేసి, అందులో ఇంకు నింపి ప్రెస్సులో ఒత్తడం. స్కూల్లో యాసిడ్ కుదరదుగా! అందుకే ఫోమ్ షీటు ముక్క, రీఫిల్ అయిపోయిన పెన్ను, పోస్టర్ కలర్, స్పాంజి, చెంచా. పెన్నుతో నొక్కి గీసి, పల్చగా రంగద్ది, కాగితం పరిచి చెంచా వెనక వైపుతో రుద్దాలి. గీత తెల్లగా మిగులుతుంది, చుట్టూ రంగు పడుతుంది.

మొదటి రోజు "ఈ మేకనే గీయండి" అన్నా. అన్నీ ఒకేలాంటి మేకలు! రంగులో నీళ్లెక్కువై సగం గీతలు పూడుకుపోయాయి. చివరి బెంచీ పిల్లాడైతే పెన్నే ముట్టలేదు.

"వాళ్లింట్ల మేకలున్నయ్ సార్. మేమంతా మేకోడంటం" అన్నాడు పక్కవాడు. క్లాసంతా నవ్వు. నా పాఠమే వాణ్ని నవ్వులపాలు చేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాతి శనివారం కాపీ వద్దన్నా. "వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు పక్కపక్కనే ఎట్లా పెట్టారో చూడండి. మీరు రోజూ చూసేదాన్ని అట్లా గీయండి" అన్నా.

వాడు చాలాసేపు ఆలోచించి మేకనే గీశాడు. మెడకు తాడు, చెవి కొసన చీలిక.

"చెవి ఎందుకట్లుంది?"

"ముళ్లకంపకు చినిగింది సార్."

పక్కవాళ్లు లేచొచ్చారు. "మేక కన్ను ఎట్లుంటదిరా?" అని అడిగారు. "నడుమ నల్లగీత అడ్డంగ ఉంటది" అని వాడే గీసి చూపించాడు.

ప్రింటు తీయగానే ఒకటే కేక: "సార్, నా పేరు ఉల్టా పడ్డది!" షీటు మీద ఉల్టా రాస్తేనే కాగితం మీద సీదా వస్తుందని అప్పుడు చెప్పా. ప్రింటు కింద పెన్సిల్‌తో 1/5, 2/5 అని నంబర్లు వేయడం కూడా నేర్పించా.

వాడు ఐదు ప్రింట్లు తీశాడు. వెక్కిరించిన పక్కవాడు ఒకటి అడిగితే 5/5 ఇచ్చాడు. 1/5 మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది వాళ్ల నాన్నకట.