మూసిన క్యాబిన్‌లో గ్యాస్ పొయ్యి ఎందుకు వెలిగించకూడదు?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించుకున్న లారీలు చలికాలంలో ఉత్తరాదికీ వెళ్తాయి. అక్కడి చలికి అద్దాలు బిగించి, క్యాబిన్‌లో చిన్న గ్యాస్ పొయ్యి వెలిగిస్తే? వెచ్చగానే ఉంటుంది, ప్రాణం మాత్రం పోవచ్చు. గాలి చాలక గ్యాస్ సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రపోయేవాళ్లకు తెలియనే తెలియదు.

మరి అమెరికాలో ఇల్లులాంటి బళ్లలో గ్యాస్ హీటర్ ఎలా పెడతారు? మంటను మూసిన పెట్టెలో ఉంచుతారు. దానికి గాలి బయటినుంచే వస్తుంది, పొగ గొట్టం గుండా బయటికే పోతుంది. లోపలికొచ్చేది వేడి ఒక్కటే. ఎల్పీజీ గాలికన్నా బరువు కాబట్టి లీకును పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా బిగిస్తారు.

మీ ఇంట్లో లారీ నడిపేవాళ్లుంటే ఇవాళే చెప్పండి: పొయ్యి బండి దిగాకే వెలిగించాలి.