ఒత్తిడిలో ఆట: గెలుపోటములకు గుండెధైర్యమొక్కటే కారణమా?

జనగామలో మా కళాశాల మైదానమున ఒక సాయంకాలము కబడ్డీ పోటీ జరిగినది. ఆట ముగియుటకు ఒక్క నిమిషము మిగిలియున్నది. రెండు జట్ల పాయింట్లు సమానము. మహబూబాబాద్ నుండి వచ్చి చదువుకొనుచున్న విద్యార్థి యొకడు ఆఖరి కూతకు వెళ్ళెను. ఆ నెలలో జట్టుకు అందరికంటె ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడతడే. అయినను ఆ కూతలో ప్రత్యర్థులు అతని చీలమండను దొరకబుచ్చుకొనిరి. ఆట పోయినది.

మైదానము విడువకముందే వాదము మొదలైనది. “సార్, వీడు మామూలు ఆటల పులి, ఫైనల్ల పిల్లి” అనెను జనగామ కుర్రవాడొకడు. “గట్లెట్లంటవ్‌రా? ఆ కూతకు ఎవడు పోయినా దొరుకుతుండె” అనెను భూపాలపల్లి నుండి వచ్చిన మరియొకడు. నేను నవ్వి ఊరకుంటిని. మరునాడు ఆ కూతకు వెళ్ళిన విద్యార్థి మైదానమునకు రాలేదు. వారము గడచినను రాలేదు. నేను నవ్వి ఊరకుండుట పొరపాటని అప్పుడు తెలిసినది. ఒకరి మీద వేసిన మాట నిజమా కాదా యని పరీక్షించుట విజ్ఞానశాస్త్రమును బోధించువాని పని కదా!

ఈ వాదము మన ఊళ్ళకే పరిమితమైనది కాదు. అమెరికాదేశపు ఫుట్‌బాల్‌లో బంతిని విసరి ఆటను నడిపించు క్వార్టర్‌బ్యాక్ అను ఆటగాడున్నాడు. ప్రత్యర్థులు మీదికి దూకుచుండగా, రెండు మూడు సెకండ్లలో ఎవరికి విసరవలెనో అతడు నిర్ణయించుకొనవలెను. పేటన్ మానింగ్ అను క్వార్టర్‌బ్యాక్ తన మొదటి మూడు నాకౌట్ పోటీలలోను ఓడగా, ఒత్తిడికి తట్టుకొనలేడని అభిమానులు తీర్పు చెప్పిరి. అతడే 2007లోను, 2016లోను తన జట్లతో సూపర్ బౌల్ గెలిచెను. మన పి.వి. సింధును గూర్చియు ఇట్టి తీర్పే వినబడెడిది. ఆ సంగతి ముందు చూతము.

ఒత్తిడి శరీరమును ఏమి చేయును?

మొదట శరీరమును పరిశీలింతము. ఆపద గాని, పరీక్ష గాని ఎదురైనపుడు మెదడు నుండి నాడుల ద్వారా మూత్రపిండములపై నున్న అధివృక్క గ్రంథులకు ఆజ్ఞ పోవును. అవి అడ్రినలిన్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, శ్వాస హెచ్చును, కాలేయము నుండి చక్కెర రక్తములోనికి వచ్చును, కండరములకు రక్తప్రసారము పెరుగును. పోరాడుటకో పారిపోవుటకో శరీరము ఇట్లు సిద్ధపడునని అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో వివరించెను.

అనగా గుండె దడదడలాడుట పిరికితనమునకు గుర్తు కాదు. గెలిచిన ఆటగానికిని గుండె దడదడలాడును. విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ఆటకు ముందు కూర్చుండి 15 సెకండ్లు నాడిని లెక్కించి నాలుగింతలు చేసిన, నిమిషమునకు ఎన్నిసార్లు గుండె కొట్టుకొనుచున్నదో తెలియును. మామూలు ఆట నాడు, ఫైనల్ నాడు ఇట్లు లెక్కించి పోల్చవలెను. గెలిచినవారికిని, ఓడినవారికిని అంకె పెరిగియుండుట తరచుగా కానవచ్చును.

అయిన ఈ ఉద్రేకము మేలా, కీడా? 1908లో యర్క్స్, డాడ్సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఎలుకలపై ప్రయోగము చేసిరి. తెల్లని పెట్టెను, నల్లని పెట్టెను గుర్తుపట్టుట నేర్పుచు, తప్పు చేసినపుడు స్వల్పమైన విద్యుద్ఘాతము తగులునట్లు ఏర్పాటు చేసిరి. గుర్తించుట సులభమైనపుడు ఘాతము పెరిగినకొలది ఎలుకలు త్వరగా నేర్చుకొనెను. గుర్తించుట కష్టమైనపుడు మాత్రము మధ్యస్థమైన ఘాతమే మేలైనది. ఎలుకలనుండి వచ్చిన ఈ ఫలితమును మానవుల ఆటలకు యథాతథముగా అన్వయింపరాదు. అయినను ఇందొక సూచన కలదు: బలముతో పరుగెత్తు పనికి తగిన ఉద్రేకము, సూక్ష్మముగా గురిచూచు పనికి మితిమీరినది కావచ్చును.

అవధానము ఎక్కడ నున్నది?

రెండవది మనస్సు. పొలము గట్టు మీద నెత్తిన గడ్డిమోపుతో నడచు స్త్రీని చూడుడు. ఆమె అడుగు ఎక్కడ వేయవలెనని ఆలోచింపదు. అలవాటైన పని అలవాటుననుసరించి సాగును. “నీ కాలు ఎట్లు పడుచున్నదో గమనించుచు నడువుము” అని ఆమెకు చెప్పిన యెడల నడక తడబడవచ్చును. సంతకము చేయువాడు ప్రతి అక్షరము వంపును గమనించుచు చేసిన, ఆ సంతకము అతనిదిగా కనబడదు.

ఒత్తిడిలో నిపుణుడు విఫలుడగుటకు ఒక ముఖ్యకారణము ఇదేనని రాయ్ బామైస్టర్ అను మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు 1984లో వాదించెను. బాగుగా చేయవలెనను ఆత్రుతతో మనిషి తన కదలికలనే కనిపెట్టుచుండును. అలవాటుగా జరుగవలసిన పనిలో బుద్ధి చేయి పెట్టును. రెండవ కారణము దీనికి విరుద్ధమైనది: ఓటమిని గూర్చిన చింత మనస్సును ఆక్రమించి, ఆలోచనకు కావలసిన చోటు లేకుండ చేయును. గణితపరీక్షలో తెలిసిన లెక్క తప్పుట ఎక్కువగా ఈ రెండవ విధము. చిరకాలము అభ్యసించిన దెబ్బ తప్పుట తరచు మొదటి విధము.

సియాన్ బైలాక్, థామస్ కార్ అనువారు 2001లో ప్రకటించిన ప్రయోగములలో గోల్ఫ్ బంతిని గుంటలోనికి నెట్టుట నేర్పిరి. నేర్చుకొనునపుడే కెమేరా ఎదుట, తమను చూచుచున్నారను స్పృహతో అభ్యసించినవారు తరువాత ఒత్తిడి పెట్టినపుడు చెడలేదు. కనుక ఒత్తిడికి తట్టుకొనుట పుట్టుకతో వచ్చు గుణము మాత్రమే కాదు. దానిని కొంతవరకు అభ్యసింపవచ్చును.

సింధు లెక్కలు ఏమి చెప్పుచున్నవి?

హైదరాబాదుకు చెందిన పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్ ఫైనల్‌లో కరొలీనా మారిన్ చేతిలోను, 2017లో గ్లాస్గో ప్రపంచపోటీల ఫైనల్‌లో నొజోమి ఒకుహారా చేతిలోను ఓడెను. 2018లో కామన్వెల్త్ క్రీడలు, నాన్‌జింగ్ ప్రపంచపోటీలు, ఆసియా క్రీడలు అను మూడింటి ఫైనళ్ళలోను ఓడెను. “ఫైనల్ అనగానే సింధుకు భయము” అను మాట అప్పుడు ప్రచారమైనది.

గ్లాస్గో ఫైనల్ అంకెలు చూతము. ఒకుహారా 21-19, 20-22, 22-20 తో గెలిచెను. సింధుకు వచ్చిన మొత్తము పాయింట్లు 61, ఒకుహారాకు 63. ఇరువురి మధ్య భేదము 124 పాయింట్లలో రెండు మాత్రమే! మూడు వారములకు కొరియా ఓపెన్ ఫైనల్‌లో వారిరువురే తలపడిరి. ఈసారి సింధు 22-20, 11-21, 21-18 తో గెలిచెను. ఆమె పాయింట్లు 54, ఒకుహారావి 59. తక్కువ పాయింట్లతోనే ఆమె విజేత అయినది! మొదటి దానిని చూచి పిరికిదనియు, రెండవ దానిని చూచి ధీరురాలనియు అనుట ఎంతవరకు న్యాయము?

పిమ్మట 2018 డిసెంబరులో వరల్డ్ టూర్ ఫైనల్స్ పోటీని, 2019 ఆగస్టు 25న బాసెల్ నగరములో ప్రపంచ విజేత పదవిని సింధు గెలిచెను. బాసెల్‌లో ఒకుహారాపై స్కోరు 21-7, 21-7.

యాదృచ్ఛికత పాత్ర

ఒక రూపాయి నాణెమును 124 సార్లు ఎగురవేయుడు. బొమ్మ, బొరుసు సరిగా 62 చొప్పున పడుట అరుదు. బొమ్మల సంఖ్యలో ప్రామాణిక విచలనము సుమారు 5.6. అనగా 61 బొమ్మలు, 63 బొరుసులు పడిన, ఆ నాణెములో దోషమున్నదని ఎవరును అనజాలరు. ఆట నాణెము కాదు, నిజమే. కాని రెండు పాయింట్ల భేదము నుండి మనిషి స్వభావమును నిర్ణయించుట దుస్సాహసము.

ఐదు ఫైనళ్ళ మాట ఏమి? సమానబలురు తలపడినపుడు ఒకరే ఐదింటను ఓడు సంభావ్యత 32లో 1. ఫైనల్‌లో ఎదురగువారు మేటి ఆటగాండ్రు కనుక గెలుచు అవకాశము నూటికి 40 అనుకొనిన, అది సుమారు 13లో 1 అగును. పైగా ఆ ఐదింటిని మనము ఓటములుగా ఏరి లెక్కించితిమి. నడుమ గెలిచిన ఫైనళ్ళను విడిచితిమి. కావలసిన ఉదాహరణములను మాత్రమే ఏరుకొనుట విజ్ఞానశాస్త్ర పద్ధతి కాదు.

మన ప్రాంతపు పరుగుల రాణి దీప్తి జీవన్‌జీ ఉదాహరణము మరియొకటి. ఆమెది వరంగల్ జిల్లా కల్లెడ గ్రామము. 2024 మే నెలలో జపాను దేశపు కోబేలో 400 మీటర్ల టి20 విభాగమున 55.07 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. సెప్టెంబరులో ప్యారిస్ పారాలింపిక్ ఫైనల్‌లో 55.82 సెకండ్లతో కాంస్యము గెలిచెను. ఒత్తిడికి లొంగినదందురా? భేదము 0.75 సెకండు, నూటికి ఒకటిన్నర కంటె తక్కువ. ఒకని అత్యుత్తమ ఫలితము తరువాత వచ్చునది సాధారణముగా దానికంటె కొంచెము తక్కువగానే యుండును. అందుచేతనే అది అత్యుత్తమమైనది.

వాదమును ఎట్లు తేల్చవలెను?

కబడ్డీకి తిరిగి వత్తము. ఒక ఆటగాడు మామూలు సమయములలో 100 కూతలకు 45 సార్లు పాయింటు తెచ్చుననుకొందము. క్లిష్ట సమయములలో 8 కూతలకు 2 సార్లే తెచ్చినాడనుకొందము. నూటికి 45 నుండి 25కు పడిపోయినాడని కేకలు వేయవచ్చును. కాని అతని సామర్థ్యము ఏమాత్రము తగ్గకున్నను, 8 కూతలలో రెండో, అంతకంటె తక్కువో పాయింట్లు వచ్చు సంభావ్యత నూటికి 22. అనగా అయిదింట ఒకసారి ఇట్లు జరుగును. 8 కూతలతో ఏదియు తేలదు. 80 అయిన కొంత తేలవచ్చును.

ఇంకొక సంగతి కలదు. రెండు కూతలు వరుసగా ఖాళీగా పోయిన, మూడవ కూతలో పాయింటు తేకున్న ఆటగాడు ఔటగును. ప్రత్యర్థులకు ఇది తెలియును. అతడు లోనికి రాక తప్పదని కాచుకొనియుందురు. ఆ కూత సహజముగనే కష్టమైనది. కనుక అతనిని అతని మామూలు కూతలతో గాక, అట్టి కూతలకే వెళ్ళిన ఇతరులతో పోల్చవలెను. భూపాలపల్లి విద్యార్థి అన్నమాటలో ఈ శాస్త్రమే యున్నది.

ఒత్తిడి అసత్యమని నా భావము కాదు. అది శరీరమును, అవధానమును మార్చునని ప్రయోగములు చూపుచున్నవి. కాని ఒక్క ఓటమిని చూచి “వీడింతే” అనుట వేరు. బోర్డు పరీక్షలో ఒకసారి తప్పిన బాలికను గూర్చి మనమనునదియు ఇట్టి మాటయే. ఉపాధ్యాయులు చేయదగినవి రెండు: ప్రేక్షకుల ఎదుట, గడియారము పెట్టి, ముందుగనే అభ్యాసము చేయించుట, తీర్పు చెప్పుటకు ముందు లెక్క వ్రాయుట.

మా మైదానములో ఇప్పుడొక నోటుపుస్తకమున్నది. ప్రతి కూత, అప్పటి స్కోరు, ఎదుటి ఆటగాండ్ర సంఖ్య అందులో వ్రాయుదురు. ఆ మహబూబాబాద్ విద్యార్థి ఇంటికి కబురు పంపి, మొదట ఆ పుస్తకము వ్రాయు పని అతనికే అప్పగించితిని. రెండు వారములు గీతకు ఇవతల కూర్చుండి వ్రాసెను. మూడవ వారము పుస్తకమును జనగామ కుర్రవాని చేతిలో పెట్టి, “నువ్వు రాయి, నేను పోత” అని గీత దాటెను.