ఏనుగుకు టీబీ ఎవరు అంటించారు? జూ ప్రయాణానికి ముందు ఒక మాట



ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను బన్నేరుఘట్ట జూకు తీసుకెళ్తున్నామని మీకు తెలుసు. అనుమతి పత్రాలు ఇళ్లకు పంపగానే కొందరు తల్లులు ఒకే ప్రశ్న అడిగారు: "జంతువుల దగ్గరికి పోతే పిల్లలకు ఏమైనా రోగాలు అంటుకుంటాయా సార్?" అడగాల్సిన ప్రశ్నే. కొన్ని అంటుకుంటాయి. వాటికి తీసుకోవాల్సిన జాగ్రత్తలు కింద రాశాము. కానీ ఈ ప్రశ్నకు ఇంకో సగం ఉంది. మన నుంచి ఆ జంతువులకు ఏమి అంటుకుంటుంది? దాన్ని ఎవరూ అడగలేదు. రెండు సగాలూ కలిపి చూస్తేనే విషయం అర్థమవుతుంది. అందుకు ఏనుగును, టీబీని ఉదాహరణగా తీసుకుందాం.

మన హోసూరు పక్క వాళ్లకు ఏనుగు కొత్త కాదు. రాగి చేలు పండే కాలంలో అడవి ఏనుగులు దిగితే రాత్రంతా కాపలా కాసే ఇళ్లు మన పిల్లల్లోనే ఉన్నాయి. గుడి ఏనుగు తొండంలో రూపాయి పెట్టి దీవెన తీసుకోని వాళ్లూ తక్కువే. అంత దగ్గరి జంతువుకు మన రోగం రావడం ఆశ్చర్యం కాదు.

ఒకే సూక్ష్మజీవి

టీబీని, అంటే క్షయను, కలిగించే బ్యాక్టీరియాను కనిపెట్టినట్టు జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ 1882 మార్చి 24న ప్రకటించారు. అందుకే ఏటా ఆ రోజున ప్రపంచ క్షయ దినం జరుపుకుంటున్నాము. ఈ బ్యాక్టీరియా కుటుంబంలో చాలా రకాలున్నాయి. ఆవులకు, గేదెలకు ఎక్కువగా వచ్చేది ఒక రకం, మనుషులకు ఎక్కువగా వచ్చేది ఇంకో రకం. మనుషుల పోషణలో ఉన్న ఏనుగుల్లో టీబీ దొరికినప్పుడు పరీక్షిస్తే, చాలాసార్లు బయటపడేది పశువుల రకం కాదు, మనుషుల రకం. అంటే మొదట ఏనుగే మనిషి దగ్గర తెచ్చుకుంది.

ఎలా అంటారా? టీబీ ముట్టుకుంటే అంటే రోగం కాదు, గాలిలో అంటే రోగం. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్నవాళ్లు దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా కంటికి కనపడని తుంపరలు గాలిలోకి పోతాయి. వాటిని ఎక్కువ సేపు, ఎక్కువ రోజులు పీల్చినవాళ్లకు అంటుతుంది. మావటి పొద్దున ఏనుగుకు స్నానం చేయిస్తాడు, మేత పెడతాడు, రాత్రి దాని పక్కనే పడుకుంటాడు. ఇలా ఏళ్ల తరబడి సాగుతుంది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కాబట్టి మావటికి దగ్గు ఉండి, దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే, ముందుగా నష్టపోయేది ఆయన ఇంటివాళ్లు, తర్వాత ఆయన ఏనుగు.

ఏనుగు నుంచి మళ్లీ మనిషికి

ఈ దారి రెండు వైపులా నడుస్తుందని గట్టిగా తెలిసింది అమెరికాలో. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక జంతుశాలకు చెందిన మూడు ఏనుగులు 1994, 1996 మధ్య ఊపిరితిత్తుల టీబీతో చనిపోయాయి. బతికి ఉన్న నాలుగో ఏనుగులోనూ అదే బ్యాక్టీరియా దొరికింది. అప్పుడు అక్కడ ఏనుగులను చూసుకునే 22 మందిని పరీక్షించారు. 11 మందికి చర్మ పరీక్షలో టీబీ సోకిన గుర్తు వచ్చింది. ఒకరికి రోగమే ఉంది. నాలుగు ఏనుగుల్లోని బ్యాక్టీరియానూ ఆ మనిషిలోని బ్యాక్టీరియానూ డీఎన్ఏ పరీక్షతో పోల్చి చూస్తే, అన్నీ ఒకే జాతి అని తేలింది.

2009లో అమెరికాలోనే టెన్నెసీ రాష్ట్రంలోని ఒక ఏనుగుల ఆశ్రమంలో ఇంకో సంగతి బయటపడింది. టీబీ ఉన్న ఏనుగు ఉండే కొట్టంలో పనిచేసేవాళ్లకే కాదు, ఆ కొట్టానికి ఆనుకుని ఉన్న ఆఫీసులో కాగితాల పని చూసుకునేవాళ్లకు కూడా బ్యాక్టీరియా సోకింది. వాళ్లు ఏనుగును ముట్టుకోకపోయినా గాలి ఒకటే.

ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోండి. సోకడం వేరు, రోగం రావడం వేరు. సోకినవాళ్లలో ఎక్కువమందికి బ్యాక్టీరియా ఒంట్లో నిద్రపోతూ ఉండిపోతుంది. ఒంట్లో శక్తి తగ్గినప్పుడు అది లేస్తుంది. ఏనుగుకూ అంతే. ఎండలో గొలుసుతో కట్టేసి, చాలని మేతతో, ఊరూరా తిప్పిన ఏనుగుకు ఆ ప్రమాదం ఎక్కువ.

పట్టుకోవడం ఎందుకు కష్టం?

మనకైతే రెండు వారాలు దగ్గు ఉంటే తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేస్తారు. ఏనుగు తెమడ ఉమ్మదు. దాని ఛాతీకి మామూలు ఎక్స్‌రే చాలదు. పైగా టీబీ ఉన్న ఏనుగు ఏళ్ల తరబడి బాగానే కనిపించవచ్చు. బరువు తగ్గి, నీరసపడి, మేత మానేసే సరికి రోగం ముదిరి ఉంటుంది.

అందుకని డాక్టర్లు తొండాన్ని వాడుకుంటారు. శుభ్రమైన ఉప్పు నీటిని తొండంలోకి పోస్తారు. మావటి చెప్పగానే ఏనుగు తొండం పైకెత్తి, తర్వాత ఆ నీటిని సంచిలోకి ఊదుతుంది. ఒక్కసారి చేస్తే చాలదు, వేరు వేరు రోజుల్లో మూడుసార్లు చేయాలి. ఆ నీటి నుంచి ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి చూడడానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. మావటి మాట వినే ఏనుగుకే ఈ పరీక్ష సాధ్యం. అంటే ఈ పనిలో మావటి లేనిదే డాక్టర్ లేడు.

వైద్యం కూడా అంత సులభం కాదు. మనకు ఇచ్చే మందులే ఏనుగుకూ ఇస్తారు. ఐసోనియజిడ్ అనే మందు పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 300 మిల్లీగ్రాములు. కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన 3,000 కిలోల ఏనుగుకు ఎంత కావాలో ఎనిమిదో తరగతివాళ్లు లెక్క కట్టండి. (జవాబు: 15 గ్రాములు.) చేదు తగిలితే ఏనుగు ఉమ్మేస్తుంది. ఇలా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఇవ్వాలి.

ఇంతకన్నా పెద్ద భయం అడవి గురించి. ముదుమలైలోని తెప్పకాడు లాంటి శిబిరాల్లో ఏనుగులను రాత్రి మేతకు అడవిలోకి వదులుతారు. అది వాటికి మంచిదే. కానీ రోగం ఉన్న ఏనుగు అలా పోతే అడవి ఏనుగులకు అంటించవచ్చు. దక్షిణ భారతదేశంలో మూడు అడవి ఏనుగులకు మనుషుల రకం టీబీ ఉన్నట్టు 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అడవి ఏనుగుకు తొండం పరీక్ష ఎవరు చేస్తారు? రోజూ మందు ఎవరు పెడతారు?

తెలుసుకోవాల్సిన ఇంకో మూడు

ఎలుక జ్వరం: లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఎలుకల మూత్రంలోనూ చాలా జంతువుల మూత్రంలోనూ ఉంటుంది. ఆ మూత్రం కలిసిన నీటిలో కాళ్లు పెడితే, చర్మం మీది గాయాల గుండా ఒంట్లోకి పోతుంది.

సాల్మొనెల్లా: తాబేళ్లు, పాములు, బల్లులు పైకి ఆరోగ్యంగా ఉన్నా వాటి రెట్టలో ఇది ఉండవచ్చు. ముట్టుకున్న చేత్తో తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంట్లో అదృష్టానికని నక్షత్ర తాబేలు పెంచేవాళ్లు ఇది గమనించాలి. అది చట్టరీత్యా నేరం కూడా.

చిలక జ్వరం: రోగం ఉన్న చిలక ఎండిన రెట్ట దుమ్మును పీలిస్తే న్యుమోనియా లాంటి జబ్బు వస్తుంది. మన దేశపు చిలకను పంజరంలో పెట్టడం కూడా నేరమే.

ఈ మూడూ టీబీ కూడా బ్యాక్టీరియా జబ్బులే. డాక్టర్ చెప్పినన్నాళ్లూ మందు వాడితే నయమవుతాయి. మధ్యలో ఆపితేనే చిక్కు.

జూలో మనం ఏం చేయాలి?

1. కటకటాల నుంచి దూరంగా, గీత ఇవతలే నిలబడాలి. ఆ గీత మనకు ఎంతో జంతువుకూ అంతే.
2. జంతువులకు ఏమీ పెట్టకూడదు. మనం కొరికి విసిరిన పండు కోతికి మన నోట్లోని క్రిములను అందిస్తుంది. కోతులకు మన టీబీ కూడా సులభంగా అంటుతుంది.
3. ఉమ్మకూడదు. దగ్గు, తుమ్ము వస్తే మోచేయి అడ్డం పెట్టుకోవాలి.
4. కాళ్లకు పుండ్లు ఉంటే కట్టు కట్టుకుని, బూట్లు వేసుకుని రావాలి. నిలిచిన నీటిలో దిగకూడదు.
5. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి. సబ్బు బడి తరఫున తెస్తాము.

గుడి ఏనుగు దీవెన మానేయమని మేము చెప్పడం లేదు. ఆరుబయట ఒక్క నిమిషం నిలబడితే టీబీ సోకే అవకాశం చాలా తక్కువ. దీవెన తర్వాత చేతులు, ముఖం కడుక్కోండి. దగ్గుతో ఉన్న రోజు మాత్రం ఏనుగు దగ్గరికి పోకండి.

చివరగా తల్లిదండ్రులకు

దగ్గు, జ్వరం ఉన్న పిల్లలను ఆ రోజు పంపవద్దు. దాచి పంపవద్దని మరీ మరీ కోరుతున్నాము. ఆగిపోయిన పిల్లలను తర్వాతి తరగతి ప్రయాణంలో తీసుకెళ్తాము, డబ్బు మళ్లీ కట్టక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు పైగా దగ్గు ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. వైద్యం జరిగినన్నాళ్లూ పౌష్టికాహారానికి కేంద్ర ప్రభుత్వం నెలకు 1,000 రూపాయలు ఇస్తుంది. టీబీలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సమయానికి చూపించుకున్న దగ్గు ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది. మావటి విషయంలో అయితే ఒక ఏనుగును కూడా.