నా ఆల్‌టైమ్ టాప్ 5 తెలుగు సినిమాలు: మాయాబజార్ ఎందుకు నంబర్ 2?

గోపాలపట్నంలో మా మేడ మీద గదిలోంచి మాట్లాడుతున్నా. మధ్యలో రైలు హారన్ వినిపిస్తే సర్దుకోండి, ఇక్కడ అది మామూలే.

చాలా రోజుల నుంచి ఒకటే అడుగుతున్నారు. "బ్రో, అన్ని సినిమాల గురించీ చెప్తావ్, నీ ఆల్‌టైమ్ ఫేవరెట్స్ ఏంటి?" అని. తప్పించుకుంటూ వచ్చా. ఎందుకంటే పేర్లు చెప్పడం ఈజీ, ఆ ఆర్డర్ ఎందుకో చెప్పడం కష్టం. ఇవాళ రెండూ చెప్పేస్తా.

ముందే ఒక మాట. నా లిస్టులో మాయాబజార్ నంబర్ 1 కాదు, నంబర్ 2. వెంటనే తిట్టుకోకండి, చివరి దాకా వినండి.

నేను బీటెక్ చదివి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఆ తర్వాత ఈ కెమెరా ముందుకొచ్చినవాణ్ణి. అలవాటు ఎక్కడికి పోతుంది? లిస్టు అనగానే ఎక్సెల్ షీట్ తెరిచా. కథకి 25 మార్కులు, దర్శకత్వానికి 25, నటనకి 20, సంగీతానికి 15, మళ్లీ చూడబుద్ధి అవుతుందా అన్నదానికి 15. అరవై సినిమాలు ఎక్కించి టోటల్ కొట్టా. వచ్చిన లిస్టులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ అది నా లిస్టులా లేదు, ఎవరో మాస్టారు పేపర్లు దిద్దినట్టు ఉంది. నాకు జ్వరం వస్తే పెట్టుకుని చూసే సినిమా 41వ స్థానంలో ఉంది!

అప్పుడు అర్థమైంది. "గొప్ప సినిమా" వేరు, "నాకు ఇష్టమైన సినిమా" వేరు. రెండు వేర్వేరు కాలమ్స్. మనం రెండింటినీ ఒకే కాలమ్‌లో కుక్కేసి కొట్టుకుంటున్నాం.

పెద్ద పెద్దవాళ్ల లిస్టులు కూడా నిలకడగా ఉండవు. బ్రిటన్‌లో 'సైట్ అండ్ సౌండ్' అని ఒక సినిమా పత్రిక ఉంది. 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల్ని అడిగి గొప్ప సినిమాల లిస్టు వేస్తుంది. 1952లో మొదటి స్థానం 'బైసికిల్ థీవ్స్'ది. 1962 నుంచి 2002 దాకా వరసగా ఐదుసార్లు 'సిటిజన్ కేన్'. 2012లో 'వర్టిగో'. 2022లో షాంతాల్ అకెర్‌మాన్ అనే మహిళా దర్శకురాలు తీసిన 'జాన్ డీల్మాన్'. మరి సినిమాలు మారాయా? లేదు. ఓటేసేవాళ్లు మారారు. ఇంకో సంగతి, అక్కడ ఒక్కొక్కరినీ పది పేర్లే అడుగుతారు, ర్యాంకులు అడగరు. ర్యాంకు అందరి ఓట్లూ కలిపితే వస్తుంది. మనమే ఒంటరిగా కూర్చుని ర్యాంకులు ఇచ్చేసుకుంటాం.

"ఆల్‌టైమ్" అనేది కూడా కొంచెం పెద్ద మాటే. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద', 1932లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే దాని ప్రింటే లేదు. కాబట్టి ఆల్‌టైమ్ అంటే, మిగిలిన వాటిలో నేను చూసినవి అని అర్థం. అంతే.

ఆ షీట్ డిలీట్ చేసి మూడు రూల్స్ పెట్టుకున్నా.

ఒకటి, కనీసం ఐదేళ్ల గ్యాప్‌తో రెండుసార్లు చూసి ఉండాలి. రెండు, హీరో ఎవరన్నది లెక్కలోకి రాదు. మూడు, ఆ సినిమా వల్ల నాలో ఏం మారిందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

మొదటి రూల్‌కే ఒక పెద్ద వికెట్ పడింది. 2017 ఆగస్టులో 'అర్జున్ రెడ్డి' వచ్చినప్పుడు నేను బీటెక్‌లో ఉన్నా. అప్పట్లో ఎవరడిగినా నా నంబర్ 1 అదే. గడ్డం పెంచా, కోపం పెంచా. ఒకరోజు కాలేజీలో ఒక ఫ్రెండ్ మీద, ఆ అమ్మాయి మీద, అందరి ముందూ అరిచా. అది ప్రేమ అనుకున్నా. తను మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆరేళ్ల తర్వాత మళ్లీ చూశా. మేకింగ్, నటన, మ్యూజిక్ ఇప్పటికీ బలంగానే ఉన్నాయి. కానీ అడగకుండా ముద్దు పెట్టే సీన్ దగ్గర నాకు సినిమా కనపడలేదు, ఆ రోజు ఆ అమ్మాయి మొహం కనపడింది. సినిమాని బ్యాన్ చేయాలని అనను. నా లిస్టులో మాత్రం లేదు.

ఇక కౌంట్‌డౌన్ మొదలుపెడదాం.

5. శివ (1989)

రామ్ గోపాల్ వర్మ మొదటి సినిమా. రిలీజ్ నాటికి ఆయన వయసు 27. అంటే దాదాపు నా ఈడు! విజయవాడలో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన మనిషి. కాలేజీ గొడవలు, రౌడీయిజం, రాజకీయం అప్పటికే సినిమాల్లో ఉన్నాయి. కానీ ఇందులో విలన్ భవాని అరవడు. రఘువరన్ మెల్లగా మాట్లాడతాడు, అందుకే భయమేస్తుంది. స్టెడీక్యామ్‌తో కెమెరా మనుషుల వెనకాలే పరిగెడుతుంది. ఇళయరాజా మ్యూజిక్ ఎక్కడ ఆగిపోవాలో అక్కడ ఆగిపోతుంది. సైకిల్ చెయిన్ సీన్ గురించి నేను చెప్పక్కర్లేదు, పుట్టని పిల్లలకి కూడా తెలుసు.

నాలో ఏం మారింది? సినిమా మనలాంటి బీటెక్ వాళ్లకి కూడా అందుతుందని నమ్మకం కుదిరింది.

4. శంకరాభరణం (1980)

మొదటిసారి ఫోన్‌లో చూశా, పాటలు స్కిప్ చేస్తూ. గంటలో అయిపోయింది, ఏముందిరా ఇందులో అనుకున్నా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. శంకరాభరణంలో పాటలు తీసేస్తే మిగిలేది పెళ్లి భోజనంలో విస్తరాకు.

శంకరశాస్త్రిగా వేసిన జె.వి. సోమయాజులు గారు మన శ్రీకాకుళం జిల్లా మనిషి. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడేవారు. స్టార్ కాదు, కుర్రాడూ కాదు. అలాంటి ఆయన్ని పెట్టి, శాస్త్రీయ సంగీతం మీద సినిమా తీసి, జనాన్ని థియేటర్‌కి రప్పించారు కె. విశ్వనాథ్ గారు. ఎస్పీ బాలుగారికి మొదటి జాతీయ అవార్డు ఈ సినిమాకే. ఇంకో సంగతి తెలుసా? ఈ సినిమా రిలీజైంది 1980 ఫిబ్రవరి 2న. విశ్వనాథ్ గారు కన్నుమూసింది 2023 ఫిబ్రవరి 2న. అదే తేదీ.

నాలో మారింది: స్కిప్ బటన్ మీద నుంచి వేలు తియ్యడం నేర్చుకున్నా.

3. మరో చరిత్ర (1978)

మన వైజాగ్, మన భీమిలి. కె. బాలచందర్ గారు విశాఖలో, భీమునిపట్నంలో తీశారు. అప్పటికే కలర్ వచ్చేసింది, అయినా బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. తమిళ కుర్రాడు కమల్ హాసన్, తెలుగు అమ్మాయి సరిత. ఆవిడకి ఇదే మొదటి సినిమా. పెద్దవాళ్లు పెట్టే షరతు ఏంటంటే, ఏడాది పాటు కలవకూడదు, ఉత్తరాలు కూడా రాసుకోకూడదు. రెండు గంటలు రిప్లై రాకపోతే మనం అల్లాడిపోతాం, వాళ్లకి ఏడాది! దీన్నే బాలచందర్ గారు 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీశారు. అక్కడ భీమిలి బదులు గోవా వచ్చింది.

ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. దీని ముగింపు నాకు ఇప్పుడు నచ్చదు. చిన్నప్పుడు ఏడ్చా. ఇప్పుడు మాత్రం, వాళ్లు బతికి, గొడవపడి, ఈఎంఐలు కట్టుకుంటూ ఉంటే బాగుండేది అనిపిస్తుంది. ప్రేమకి చావు రుజువు కాదు. అయినా నంబర్ 3 ఎందుకంటే, సినిమా అంటే ఎక్కడో ఊటీలోనో స్విట్జర్లాండ్‌లోనో తీసేది అనుకునే నాకు, నేను బస్సెక్కి వెళ్లగలిగే చోట కూడా కథ జరుగుతుందని ఇదే మొదట చూపించింది.

2. మాయాబజార్ (1957)

కంప్యూటర్ అనే మాటే జనానికి తెలియని రోజుల్లో లడ్డూలు వాటంతట అవే వెళ్లి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, మార్కస్ బార్‌ట్లే గారి కెమెరా. ఎన్ని రీల్స్ చూసినా, అది ఎలా తీశారో అని నోరు తెరుచుకునే చూస్తాం. వ్యాస భారతంలో ఈ శశిరేఖ పెళ్లి కథే లేదు. ఇది జనంలో తిరిగిన కథ. ఇంకో తమాషా, పాండవుల కుటుంబం కథే అయినా పాండవులు ఒక్కరు కూడా తెర మీద కనపడరు! ఇక సావిత్రి గారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆవిడ నడక, ఆ చూపు, ఆ హుంకారం చూడండి. ఒక ఆడమనిషి ఒంట్లో ఎస్.వి. రంగారావు గారు దూరినట్టే ఉంటుంది. 2013లో భారతీయ సినిమాకి వందేళ్లు అయినప్పుడు సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానల్ ఓటింగ్ పెడితే, దేశం మొత్తం మీద మొదటి స్థానం దీనికే వచ్చింది.

"గొప్ప" కాలమ్‌లో ఇది నంబర్ 1. అందులో నాకు డౌటే లేదు.

కానీ నేను ఈ లిస్టు ఎలా వేయాలో నేర్పింది కూడా మాయాబజారే. అందులో 'ప్రియదర్శిని' పెట్టె గుర్తుందా? కృష్ణుడు తెచ్చి ఇస్తాడు. మూత తెరిస్తే, చూసేవాళ్లకి ఏది బాగా ఇష్టమో అది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు. బలరాముడికి దుర్యోధనుడు. రేవతికి నగలు. లోకంలో ఏది గొప్పదో ఆ పెట్టె చెప్పదు, చూసే మనిషి ఎవరో చెప్పేస్తుంది. ఫేవరెట్స్ లిస్టు అంటే అదే. నేను మూత తెరిస్తే ఏం కనిపించిందో ఇప్పుడు చెప్తా.

1. కేరాఫ్ కంచరపాలెం (2018)

మా గోపాలపట్నం నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ దాటి, మర్రిపాలెం దాటితే కంచరపాలెం. బండి మీద పదిహేను, ఇరవై నిమిషాలు. వెంకటేష్ మహా అనే కొత్త దర్శకుడు అక్కడే, ఎక్కువగా ఆ ఏరియా మనుషులతోనే తీశాడు. వాళ్లలో చాలామంది అంతకు ముందు కెమెరా ముందు నిలబడలేదు. నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమకథలు. చివర్లో అవి ఎలా కలుస్తాయో చెప్పను, చూడనివాళ్లు చూడండి.

2018 సెప్టెంబర్ 7న రిలీజైంది. అప్పుడు నేను హైదరాబాద్‌లో, ఉద్యోగంలో కొత్త. ఆఫీసులో నేను "ఏటి" అంటే చాలు, నవ్వేవాళ్లు. "ఎల్లిపోనాను" అంటే మళ్లీ మళ్లీ అనిపించుకునేవాళ్లు, కామెడీ సీన్‌లా. వాళ్లేం చెడ్డవాళ్లు కాదు. సినిమాల్లో మన యాస ఎప్పుడూ కామెడీకే వాడారు కదా, వాళ్లకి అలాగే అలవాటైంది. నేను మెల్లగా మార్చేసుకున్నా. "ఏంటి", "వెళ్లిపోయాను". రెండు నెలల్లో సెట్ అయిపోయా.

అంతకంటే పెద్దది ఇంకోటి దాచా. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అంటే "గవర్నమెంట్ జాబ్" అనేవాణ్ణి. అబద్ధం కాదు. కానీ మా నాన్న అటెండర్. ఆ మాట మాత్రం నోట్లోంచి వచ్చేది కాదు.

టీమ్ వాళ్లతో కలిసి ఆ సినిమాకి వెళ్లా. అందులో హీరో రాజుకి నలభై తొమ్మిదేళ్లు, పెళ్లి కాలేదు, ఒక ఆఫీసులో అటెండర్. అదే ఆఫీసుకి బదిలీ మీద వచ్చిన ఆఫీసరమ్మ రాధ ఆయన్ని ఇష్టపడుతుంది. మొదట్లో ఆ యాసకి హాల్లో నవ్వులు వినిపించాయి. అరగంట పోయాక యాస ఎవరికీ వినపడలేదు, మనుషులే వినపడ్డారు. ఇంటర్వెల్లో పక్కనున్న ఫ్రెండ్ "ఇది మీ ఊరేనా?" అన్నాడు. "మా పక్కూరు. మా నాన్న కూడా అటెండరే" అన్నా. ఎలా వచ్చేసిందో తెలీదు. వాడు "ఓ, అవునా" అని పాప్‌కార్న్ నా వైపు జరిపాడు. అంతే. నేను నెలల తరబడి మోసిన బరువుకి అవతలి వాడి దగ్గర అంతే విలువ.

దసరాకి ఇంటికొచ్చినప్పుడు నాన్నకి ఆ సినిమా చూపించా. మొత్తం చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సినిమా బానే ఉందిరా. గానీ ఆ రాజు ఫైళ్లు మోసింది తక్కువ, తిరిగింది ఎక్కువ. మా ఆఫీసర్లయితే ఊరుకుంటారేటి?"

2024లో మళ్లీ చూశా, రూల్ ప్రకారం. కొన్ని సీన్లు సాగాయి, కొందరి నటన తడబడింది. గొప్ప కాలమ్‌లో నేనే దీన్ని మాయాబజార్ పక్కన పెట్టను. కానీ మాయాబజార్ లేకపోయినా నేను ఇదే మనిషిని. కంచరపాలెం లేకపోతే ఇవాళ ఈ యాసతో ఈ మైకు ముందు కూర్చునేవాణ్ణి కాదు. అందుకే నంబర్ 1.

ఇప్పుడు మీ వంతు. ఫోన్‌లో నోట్స్ తెరిచి రెండు కాలమ్స్ గీయండి, ఒకటి గొప్పవి, ఒకటి మీవి. మొదటి కాలమ్ గురించి ఎంతైనా కొట్టుకోండి, సరదాగా ఉంటుంది. రెండో కాలమ్‌లో ఎవరైనా ఏ సినిమా పేరు చెప్పినా నవ్వకండి, అది వాళ్లకి ప్రియదర్శినిలో కనిపించింది. "ఎందుకు?" అని మాత్రం తప్పకుండా అడగండి.

ఇవాళ్టికి ఇంతే. ఉంటాను మరి, కింద నాన్న టీకి పిలుస్తున్నాడు. రిటైరయ్యాక కూడా ఇంట్లో అందరికీ టీ ఆయనే ఇస్తాడు. అలవాటట.