తెల్లకోటు ఒక్కటే కాదు

అమెరికాలో పిల్లల్ని చదివించుకుంటున్న తెలుగు ఇళ్లలో చాలామంది ఎరిగిన పేరు ‘హోసా’. 1976లో పుట్టిన ఈ విద్యార్థి సంస్థ ఆరోగ్య రంగంలోని కొలువులను పిల్లలకు పరిచయం చేస్తుంది. 6 నుంచి 8 తరగతుల వారికి విడిగా ఒక విభాగమే ఉంది. చాలాచోట్ల బడి గంట కొట్టాక, ఒక టీచరు ఆధ్వర్యంలో క్లబ్బులా నడుస్తుంది. ఇలాంటి కార్యక్రమాల చుట్టూ అపోహలూ తక్కువేం లేవు.

అపోహ: ఇది డాక్టర్ సీటుకు తొలిమెట్టు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చేయి విరిగినవాడు ఆస్పత్రికి వస్తే ఎముక సరిచేసేది డాక్టరే. కానీ ఎక్స్‌రే తీసేది రేడియోగ్రాఫర్, రక్తం పరీక్షించేది ల్యాబ్ టెక్నీషియన్. కట్టు విప్పాక బిగుసుకుపోయిన కీళ్లను మళ్లీ కదిలించేది ఫిజియోథెరపిస్ట్. చొక్కా గుండీ పెట్టుకోవడం మళ్లీ అలవాటు చేసేది ఆక్యుపేషనల్ థెరపిస్ట్. పిల్లలకు వీళ్లందరినీ చూపించడమే అసలు ఉద్దేశం. మన పార్లమెంటు 2021లో చేసిన చట్టం ఇలాంటి వృత్తులను 10 వర్గాలుగా విభజించింది. అందులో ఉన్నవి 50కి పైనే. డాక్టర్లు, నర్సులు ఆ లెక్కలోకి రారు, వారికి వేరే చట్టాలున్నాయి.

అపోహ: పన్నెండేళ్ల పిల్లలకు ఇవేం అర్థమవుతాయి?

గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేయడం 12 ఏళ్ల నుంచే ఏటా 2 గంటలు నేర్పాలన్న సూచనను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్థించింది. శిక్షణలో నేల మీద పడుకోబెట్టిన బొమ్మ ఛాతీ నడుమ, మణికట్టు దగ్గరి అరచేతి భాగం ఆనించాలి. మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది. రెండు నిమిషాలకల్లా నుదుట చెమట పడుతుంది. బక్కపిల్లలకు అంత లోతు అందకపోవచ్చు. అయినా ఎలా నొక్కాలో పక్కనున్న పెద్దవాళ్లకు చెప్పగలుగుతారు. ఆ క్షణంలో అదేం చిన్న సాయం కాదు.

అపోహ: రక్తం చూస్తే కళ్లు తిరిగే పిల్లలు ఇటు రాకూడదు.

రక్తపోటు, గుండె వేగం ఒక్కసారిగా పడిపోవడం వల్లే అలా కళ్లు తిరుగుతాయి. అది పిరికితనం కాదు. కాళ్లు, చేతులు, పొట్ట కండరాలు బిగబట్టి రక్తపోటు నిలబెట్టుకోవడం సాధనతో వస్తుంది. పైగా వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టుకు రక్తంతో పనిపడేది అరుదు.

అపోహ: బైపీసీ తీసుకోకపోతే దారి మూసుకున్నట్టే.

ఎంపీసీ చదివినవారికి బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది. ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలోనే ఆ శాఖ నడుస్తోంది.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకనుకోవడమూ సరికాదు. 6 నుంచి 8 తరగతులు చదివే కాలంలో పిల్లలు ఎప్పుడైనా 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులవారి దగ్గర పని చూసి నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. అందులో ఒక్క రోజు దగ్గర్లోని పీహెచ్‌సీకి కేటాయించినా చాలు. గాజు పలక మీద రక్తపు చుక్కను పల్చగా పరిచి, రంగు అద్ది, మైక్రోస్కోపులో మలేరియా క్రిమి కోసం వెతికే ల్యాబ్ టెక్నీషియన్ పక్కన పిల్లలు ఒక పూట నిలబడి చూడొచ్చు.