మూడున్నర అడుగుల నుంచి చూస్తే

జూన్ 12. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేసవి సెలవులు ముగిసి బడి గంట మోగే రోజు. పెద్ద తరగతుల పిల్లలకు ఆ రోజు పాత స్నేహితులు దొరుకుతారు, కొత్త పుస్తకాల వాసన దొరుకుతుంది. ఒకటో తరగతిలో అడుగుపెట్టే పిల్లకు మాత్రం పాతది ఏదీ ఉండదు. ఆ వయసు పిల్లల ఎత్తు మూడున్నర అడుగులకు కాస్త అటూ ఇటూ. అక్కడి నుంచి చూస్తే బడి వేరుగా కనిపిస్తుంది. నల్లబల్ల తల పైన ఉంటుంది. చార్టులు అంతకన్నా పైన, కిటికీ దాటి ఎక్కడో వేలాడుతుంటాయి. నీళ్ల కుళాయి అందదు. మరుగుదొడ్డి గడియ అందదు. కథల పుస్తకాలు బీరువాలో ఉంటాయి, బీరువా తాళంచెవి హెడ్‌మాస్టరు సొరుగులో ఉంటుంది. గది నిండా సామగ్రి ఉన్నా అందులో ఆ పిల్ల తనదనుకోగలిగింది ఒక్కటీ ఉండదు.

ఒకటి, రెండు తరగతుల గదిని సిద్ధం చేయడమంటే ఈ ఎత్తుల తేడా తీర్చడమేనని నా నమ్మకం. కంటికి అందాలి, చేతికి అందాలి, ఇంట్లో మాట్లాడే మాటకు అందాలి. సెలవుల చివరి వారంలో బడి తలుపులు తీసి బూజు దులిపే టీచర్లు ముందుగా చేయాల్సిన పని గదిలో నేల మీద చతికిలబడి కూర్చుని చుట్టూ చూడటం. చాలా మార్పులు అప్పుడే తోస్తాయి.

గోడల సంగతి ముందు మాట్లాడుకోవాలి. ఎందుకంటే మన టీచర్ల శ్రమలో, సొంత డబ్బులో ఎక్కువ భాగం అక్కడికే పోతోంది. రంగు చార్టులు, థర్మకోల్ అక్షరాలు, పూల తోరణాలు, నాయకుల బొమ్మలు, నెలల పేర్లు, ఎక్కాలు అన్నీ బడి తెరిచే ముందే గోడ ఎక్కేస్తాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం ఆలోచింపజేస్తుంది. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని సైన్సు పాఠాలు నిండుగా అలంకరించిన గదిలో, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పారు. బొమ్మలు నిండిన గదిలో పిల్లల చూపు పాఠం మీద నిలవలేదు. తర్వాత పెట్టిన చిన్న పరీక్షలో ఖాళీ గదిలో విన్న పాఠాలకు 55 శాతం జవాబులు సరిగ్గా చెప్పినవాళ్లు, అలంకరించిన గదిలో విన్నవాటికి 42 శాతమే చెప్పగలిగారు. చిన్న అధ్యయనమే, గోడలన్నీ బోసిగా ఉంచమని దానికి అర్థం కాదు. అయితే మొదటి రోజున గోడ సగం ఖాళీగా ఉండాలన్న మాటకు అది గట్టి ఆధారం. ఆ సగం పిల్లలు గీసే బొమ్మల కోసం, వాళ్లు తెచ్చే ఆకుల కోసం, వాళ్ల పేర్ల కోసం.

ఇది మనకు కొత్త సంగతి కూడా కాదు. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యా పథకం నడిచింది. ఏపీపెప్ అంటే ఆనాటి టీచర్లకు ఇప్పటికీ గుర్తే. ఆ పథకం ఆరు సూత్రాలు పెట్టుకుంది. చేస్తూ నేర్చుకోవడం, పిల్లల మధ్య తేడాలను గౌరవించడం, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవడం వాటిలో కొన్ని. పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడం మరొకటి. టీచరు చేసినవి కావు, పిల్లలు చేసినవి. నాలుగు దశాబ్దాలు కావస్తున్నా ఆ తేడా మన గోడల మీద సరిగ్గా పడలేదు. టీఎల్‌ఎం (బోధన సామగ్రి) మేళాల కోసం రాత్రుళ్లు మేల్కొని చేసిన అందమైన నమూనాలు మేళా అవగానే బీరువాలోకి వెళ్లిపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందనే భయం ఉన్న వస్తువు ఒకటో తరగతికి పనికిరాదు. చిరిగితే మళ్లీ చేసుకోగలిగేదే అసలైన సామగ్రి.

పెద్దగా డబ్బు లేకుండా అయ్యే పని ఇంకొకటి ఉంది. గోడ అడుగు భాగంలో, నేల నుంచి మూడడుగుల దాకా, గది పొడవునా నల్లరంగు పట్టీ వేయించడం. పిల్లలు ఎవరి వాటాలో వాళ్లు సుద్దముక్కతో రాసుకుంటారు. బడి భవనాన్నే బోధన సామగ్రిగా మలచాలన్న 'బాలా' ఆలోచన ఇక్కడి నుంచే నడుస్తుంది. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీయడం, మెట్ల మీద అంకెలు రాయడం, గుమ్మం పక్కన ఎత్తు కొలిచే గీతలు పెట్టడం. పెయింటరు ఒక్క పూట పని. తల్లిదండ్రుల్లో అలాంటి పనివాళ్లుంటే, అడిగితే కాదనరు.

మొదటి వారం ఏడుపుల వారం. అంగన్‌వాడీ నుంచి వచ్చిన పిల్లలు కొంత నయం, ఇంటి నుంచి నేరుగా వచ్చినవాళ్లకు అమ్మ కొంగు వదలడమే పెద్ద పరీక్ష. "సారూ, మావోడు ఒంటికెళ్లాలన్నా నోరు తెరిచి అడగడు, కాస్త చూస్కోండి" అని ఏ అవ్వో గడప దగ్గర నిలబడి చెబితే ఆ మాట నోట్‌బుక్కులో రాసుకోవాలి. పిల్లల సమాచారం అడ్మిషన్ రిజిస్టరులో దొరకదు, గడప దగ్గరే దొరుకుతుంది. అందుకే బడిబాట కోసం ఇంటింటికీ తిరిగేటప్పుడు పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌తో ఆగకుండా ఇంట్లో పిల్లను ఏమని పిలుస్తారో, దేనికి భయపడుతుందో, ఏ పాట ఇష్టమో అడిగి రావాలి. అంగన్‌వాడీ టీచరుతో ఒక గంట కూర్చుంటే ఇంకా చాలా తెలుస్తుంది. రెండు బడులూ ఒకే ఆవరణలో ఉన్నచోట కూడా ఈ గంట దొరక్కపోవడం విచారకరం.

మొదటి రోజు పాఠం అక్షరాలు కానక్కర్లేదు. మరుగుదొడ్డి ఎక్కడుందో, నీళ్లు ఎలా తాగాలో, మధ్యాహ్న భోజనానికి పళ్లెం ఎక్కడ కడగాలో, ఏడుపొస్తే ఎవరికి చెప్పాలో తెలియడమే మొదటి పాఠం. పిల్లలను వెంటబెట్టుకుని బడంతా తిప్పాలి. వంట చేసే ఆయమ్మను పరిచయం చేయాలి. ఆమె పిల్లలకు టీచరుకన్నా ముందే స్నేహితురాలవుతుంది.

రెండో రోజు పేరు చీటీలు. అట్టముక్క మీద ఒక్కో పిల్ల పేరు పెద్దగా రాసి, పక్కన ఆ పిల్ల ఎంచుకున్న చిన్న బొమ్మ వేయాలి. పొద్దున గదిలోకి వస్తూనే తన చీటీ వెతుక్కుని గోడకున్న గుడ్డ సంచుల్లో పెడితే అదే హాజరు. లాస్య అన్న పేరులో వత్తుంది, చరణ్‌లో పొల్లుంది, అవన్నీ ముందే ఎలా వస్తాయని సందేహపడనక్కర్లేదు. పిల్ల దాన్ని ముందు బొమ్మగా గుర్తుపడుతుంది. వారం తిరక్కుండానే పక్కపిల్ల పేరులోనూ తన అక్షరం ఉందని వేలు పెట్టి చూపిస్తుంది. ఆ క్షణంలో చదువు మొదలైనట్టే. తెలుగు లిపిలో వ, ప, మ ఒక దారిలో తికమక పెడతాయి, డ, ద, ధ ఇంకో దారిలో. అవన్నీ వరసగా ఒకే వారంలో దిద్దించే కన్నా పిల్లలకు తెలిసిన మాటల్లోంచి ఒక్కొక్కటే పట్టుకుంటే మేలు.

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి తయారుచేసిన 'విద్యా ప్రవేశ్' ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు ఆటపాటల ద్వారానే సాగాలంటుంది. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం ఒకటో తరగతి ముగిసేసరికి నాలుగైదు చిన్న మాటలున్న వాక్యాలు చదవడం, 99 దాకా అంకెలు చదివి రాయడం. తెలంగాణలో 2022 ఆగస్టు 15న ఇదే దారిలో 'తొలిమెట్టు' కార్యక్రమం వచ్చింది. ఈ లక్ష్యాలను చూసి కంగారుపడి జూన్‌లోనే పలక మీద అ, ఆలు నింపించే టీచర్లున్నారు. అలా తొందరపెట్టేది ఎక్కువగా తల్లిదండ్రులేనని ఒప్పుకోవాలి. పక్కింటి ప్రైవేటు బడి పిల్ల నోట్సు నిండా రాసుకొస్తుంటే మనవాడు బంకమట్టితో ఆడొస్తే వాళ్లకు బెంగే. తల్లిదండ్రుల మొదటి సమావేశంలోనే దీనికి తీరిగ్గా జవాబు చెప్పాలి.

ఆ జవాబు వేళ్లలో ఉంది. అయిదేళ్ల పిల్ల వేళ్లలో పెన్సిల్ పట్టే బిగువు ఇంకా పూర్తిగా రాదు. మట్టి పిసకడం, కాగితం చింపడం, చింతపిక్కలు ఏరి డబ్బాలో వేయడం, దారంలో పూసలు గుచ్చడం రాత పనికి ముందు జరగాల్సిన సాధన. గుండ్రని తెలుగు లిపికి ముగ్గు అంత మంచి సాధన ఇంకోటి లేదు. నేల మీద చుక్కలు పెట్టి, చుక్క చుట్టూ సుద్దముక్క తిప్పడం నేర్చిన చేయి ఠ దగ్గర, ఇ దగ్గర తడబడదు. వీధిబడుల్లో ఇసుకలో వేలితో దిద్దించేవాళ్లు. పళ్లెంలో ఇసుక పోసి ఇప్పుడూ చేయవచ్చు, తప్పు పోతే ఊపేస్తే చాలు. పిల్లకు తప్పు భయం పోతుంది, కాగితం ఖర్చూ ఉండదు.

లెక్కల సామగ్రి కోసం బజారుకు వెళ్లే పని లేదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో పిల్లలు లెక్కపెట్టకుండానే చూసి చెబుతారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. మూడు వస్తువులను ఒక్కచూపులో మూడుగా గుర్తించడం లెక్కలకు పునాది. వామనగుంటల్లో గుంట తర్వాత గుంటకు ఒక్కో గింజ పంచుకుంటూ పోవడంలో ఒకటికి ఒకటి జత చేయడం ఉంది. చీపురుపుల్లలు పది కలిపి రబ్బరు బ్యాండు వేస్తే పదుల స్థానం కంటికి కనబడుతుంది. రబ్బరు బ్యాండు పిల్లలే వేయాలి. కట్ట విప్పి అప్పు తెచ్చుకునే అనుభవం చేతికి వస్తే రెండో తరగతిలో తీసివేత భయపెట్టదు. ఒక్క జాగ్రత్త, చిన్న గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకునే పిల్లలు ఉంటారు. గింజల ఆట టీచరు ఎదురుగానే జరగాలి.

ఇక మాట సంగతి. ఆదిలాబాద్‌లో గోండి, కొలామి, శ్రీకాకుళం ఏజెన్సీలో సవర, భద్రాచలం అడవుల్లో కోయ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లకు తెలుగు పాఠ్యపుస్తకమే పరాయి. పైగా ఇప్పుడు ఇంగ్లిషు మాధ్యమం. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల మధ్యలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి బహుభాషా బోధన మొదలుపెట్టారు. ఆ పని నిలకడగా సాగి ఉంటే ఎంత బాగుండేదో. అయినా టీచరు ఇప్పుడే చేయగలిగింది ఉంది. నీళ్లు, ఆకలి, నొప్పి, భయం, అమ్మ, రా, కూర్చో వంటి మాటలు పిల్లల భాషలో నేర్చుకుని తెలుగు లిపిలో రాసి తన బల్ల దగ్గర పెట్టుకోవడం. పాలమూరు నుంచి వలసపోయిన కుటుంబాల పిల్లలు జూన్ దాటి వచ్చినప్పుడూ ఇదే ఓపిక కావాలి. వాళ్ల కోసం పేరు చీటీ ముందే రాసి గోడ సంచిలో ఉంచితే, ఆలస్యంగా వచ్చిన పిల్లకూ గదిలో చోటు సిద్ధంగా ఉన్నట్టు తెలుస్తుంది.

పుస్తకాలను బీరువా నుంచి బయటికి తేవడం గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రతి బడికీ గ్రంథాలయం, కథల పుస్తకాలు, ఆటవస్తువులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. గదికి అడ్డంగా తాడు కట్టి బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీస్తే అట్టలు పిల్లలకు ఎదురుగా కనబడతాయి. తాడు పిల్లల భుజం ఎత్తులో ఉండాలి. సికింద్రాబాదు 'మంచి పుస్తకం' వాళ్లు బొమ్మలతో, తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన 'స్టోరీవీవర్'లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ముద్రించుకోవచ్చు కూడా. రోజూ ఒక కథ గట్టిగా చదివి వినిపించే టీచరు గదిలో పుస్తకాలు చిరుగుతాయి. చిరగనివ్వాలి, తర్వాత పిల్లలతోనే అతికించుకోవచ్చు.

ఇదంతా ఒక్క తరగతికి ఒక్క టీచరు ఉన్నచోట కదా అంటారు. నిజమే, ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు చూసే బడులే మనకు ఎక్కువ. అక్కడే మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చూపిన దారి పనికొస్తుంది. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడుపుతూ పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఒక్కో కార్డు మీద గుర్తు, ఆ గుర్తులన్నీ వరసగా ఉన్న చదువు నిచ్చెన గోడ మీద. పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో తానే చూసుకుని కార్డు తీసుకుంటుంది. కొందరు టీచరుతో, కొందరు టీచరు కొద్ది సాయంతో, కొందరు తోటివాళ్లతో, కొందరు సొంతంగా కూర్చుని పనిచేస్తారు. చెన్నై నగరపాలక బడుల ద్వారా ఈ పద్ధతి తమిళనాడు అంతటికీ పాకింది. కార్డులన్నీ ఈ ఏడే చేయలేకపోయినా, పిల్లలు తమంతట తాము తీసి వాడుకుని మళ్లీ అక్కడే పెట్టే నాలుగు పెట్టెలతో మొదలుపెట్టవచ్చు. ఆ అలవాటు నేర్పడానికి రెండు వారాలు పోయినా నష్టమేమీ లేదు, మిగతా ఏడాదంతా టీచరుకు చేతులు ఖాళీ అవుతాయి.

ప్రభుత్వం చేయాల్సినవీ ఉన్నాయి. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో ఒక్కో టీచరుకు బోధన సామగ్రి కోసం ఏటా 500 రూపాయలు ఇచ్చేవారు. మొత్తం చిన్నదే, కానీ అది టీచరు చేతికి, టీచరు ఇష్టానికి వచ్చిన డబ్బు. ఇప్పుడు పైనుంచి వచ్చే కిట్లు పెద్దవయ్యాయి, టీచరు ఇష్టం చిన్నదైంది. సెలవుల చివరి వారాన్ని శిక్షణ తరగతులకు, యాప్ నమోదులకు కాకుండా గది సిద్ధం చేసుకోవడానికే వదిలేయాలి. ఒకటో తరగతి వర్క్‌బుక్కులు జూన్ 12కు బల్ల మీద ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం మాత్రం బడి తెరిచే ముందు స్టాఫ్ సమావేశంలో జరుగుతుంది. ఎవరికి ఏ తరగతి అన్నది అక్కడే తేలుతుంది. చాలా బడుల్లో సీనియర్లు అయిదో తరగతి తీసుకుంటారు, కొత్తగా వచ్చినవాళ్లకు ఒకటో తరగతి మిగులుతుంది. దీన్ని తిరగేయాలి. బడిలో అందరికన్నా అనుభవం, ఓపిక, పాట, కథ ఉన్నవాళ్లకే ఒకటో తరగతి ఇవ్వాలి. అదే టీచరు ఆ పిల్లలతో పాటు రెండో తరగతికీ వెళ్లాలి. జూన్‌లో గడప దగ్గర అవ్వ చెప్పిన మాటలున్న నోట్‌బుక్కు అప్పుడు రెండేళ్లు పనిచేస్తుంది.